బీటెక్ ప్రాజెక్టు... చేస్తున్నారా, కొంటున్నారా?

బీటెక్ ఫైనలియర్ రాగానే అమీర్‌పేట ప్రాజెక్టు సెంటర్ల వైపు చూసేవాళ్లు మీకు తెలిసే ఉంటారు. డబ్బు కడితే కోడ్, రిపోర్టు, పీపీటీ చేతికొస్తాయి. వైవాకు ఏం చెప్పాలో కూడా వాళ్లే నేర్పుతారు. తప్పంతా పిల్లలదేనా? మూడేళ్లు థియరీ చెప్పి, రికార్డులు రాయించి, చివర్లో ‘ఇక ప్రాజెక్టు చేయండి’ అంటే ఎలా చేస్తారు?

ప్రాజెక్టు ఆధారిత బోధనలో ముందు సమస్య ఇస్తారు. దాన్ని పరిష్కరించడానికి కావాల్సిన పాఠం వెంట వస్తుంది. డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్ యూనివర్సిటీ 1974లో పెట్టినప్పటి నుంచీ ఇలాగే నడుస్తోంది. మొదటి ఏడాది నుంచే ప్రాజెక్టులుంటాయి. సెమిస్టర్‌కు 30 క్రెడిట్లయితే, సాధారణంగా 15 వాటికే. రిపోర్టు జట్టుదే అయినా మౌఖిక పరీక్షలో ఎవరి గ్రేడు వాళ్లదే. అక్కడ కొన్న ప్రాజెక్టుతో గట్టెక్కడం కష్టం.

మన దగ్గరో? ఏఐసీటీఈ 2018 నమూనా సిలబస్‌లో బీటెక్ మొత్తానికి 160 క్రెడిట్లు. ప్రాజెక్టు, సెమినార్, ఇంటర్న్‌షిప్ అన్నీ కలిపి 15. ఆ 15 అయినా సక్రమంగా జరగాలంటే గైడ్‌కు తీరిక ఉండాలి. ఒక్కరికే పది బ్యాచ్‌లు అంటగడితే మిగిలేది సంతకమే.

అందుకే ఈఏపీసెట్ ఆప్షన్లు పెట్టే ముందు ప్యాకేజీలతోపాటు ఇవీ కనుక్కోండి: మొదటి ప్రాజెక్టు ఏ సెమిస్టర్‌లో? గైడ్‌కు ఎన్ని బ్యాచ్‌లు? రివ్యూలు నిజంగా జరుగుతాయా? క్లాసులయ్యాక ల్యాబ్ తెరిచి ఉంటుందా? ఈ చివరిది మాత్రం కాలేజీవాళ్లను కాదు, సీనియర్లను అడగండి.