పుణ్యం వారిది, చీపురు మాది

"పావురం శాంతికి గుర్తు కదండీ, దాన్ని తరిమితే ఎలా?" అన్నారు మా పై అంతస్తు పెద్దమనిషి. గుర్తు కాదని నేనన్నానా? ఆ శాంతి కాస్తా తెల్లారకుండానే మా పడకగది సన్‌షేడ్ మీద చేరి గుర్రుగుర్రుమంటుంటే, మా ఇంటి శాంతి ఏమైందో ఆయనకేం తెలుసు!

ఆయన రోజూ స్నానం చేసి, డాబా మీద గిన్నెడు జొన్నలు చల్లి కిందికి దిగిపోతారు. తిన్న పావురాలు మా కిటికీల మీదికి దిగుతాయి. ఆ తర్వాత జరిగేదానికి చీపురూ బకెట్టూ పట్టుకోవలసింది మేమూ, మా పనిమనిషీను. ఏమన్నా అంటే శిబి చక్రవర్తి మాట ఎత్తుతారు. ఆ కథ నాకూ తెలుసు. శిబి పావురం కోసం తన తొడ కోసి ఇచ్చాడు గాని, కింది వాటావాళ్ళ తొడ కోసివ్వలేదు.

అసలు ఈ పావురం చెట్టు మీద గూడు కట్టే పక్షి కాదు. దాని పూర్వులు కొండచరియల్లో కాపురం చేసినవి. మన మేడల సన్‌షేడ్లూ, ఏసీ డబ్బాల వెనక సందులూ దాని కంటికి కొండ అరలే. పైన తిండి, కింద ఇల్లు, ఇంకేం కావాలి? రెండు గుడ్లు పెడుతుంది, 18 రోజులు పొదుగుతుంది, పిల్లలు ఎగరడానికి నెల పైచిలుకు. అవి ఎగిరాయో లేదో మళ్ళీ రెండు గుడ్లు!

ఎండిన రెట్ట పొడి ఊపిరితిత్తులకు చేటు. రోజూ ఆ ధూళి పీల్చేవాళ్ళలో కొందరికి ఊపిరితిత్తులు వాచి, వదలని దగ్గూ ఆయాసమూ పట్టుకుంటాయి. మా పనిమనిషి దాన్ని పొడిగానే బరబరా గీకుతుంటే కేకేసి ఆపాను. ముందు నీళ్ళు చల్లి బాగా తడిపి, ముక్కుకి మాస్కు కట్టుకుని తియ్యాలి. జొన్నలు చల్లే చేతులకి ఈ సంగతి తెలీదు. అవి చీపురు పడితే కదా!

లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో 2003లోనూ, వెనిస్‌లోని సెయింట్ మార్క్స్ స్క్వేర్‌లో 2008లోనూ గింజలు వేయడం మాన్పించారు. మన ముంబాయిలో 2025లో దాదర్ కబూతర్‌ఖానా మీద టార్పాలిన్ కప్పితే, జనం గుంపుగా వచ్చి చింపేశారు. ఆ చుట్టుపక్కల ఇళ్ళలో దగ్గే ముసలివాళ్ళ కోసం అంత గుంపు ఎప్పుడన్నా కదిలిందా?

గుడ్లగూబ బొమ్మ పెట్టాను. నాలుగో రోజుకి దాని నెత్తిమీదే కూర్చున్నాయి. సీడీలు వేలాడదీస్తే వారం బెదిరాయి. జిగురు పూయమన్నారొకరు. కాళ్ళూ రెక్కలూ అంటుకుని గిలగిల కొట్టుకు చస్తాయి, అది నా వల్ల కాదు. నిలిచేవి రెండే: బిగువుగా కట్టిన వల, లేదా బాగా ఏటవాలుగా కట్టిన సన్‌షేడ్. ఆ ఏటవాలు ఇల్లు కట్టేటప్పుడే పెట్టొచ్చు. కానీ మన బిల్డర్లకి ముందు అందం కావాలి, వరసగా చదునైన అరలు పెడతారు. వాటిని తుడిచేదెవరన్నది ఏ ప్లానులోనూ గియ్యరు.

వల కట్టే అబ్బాయి వచ్చేసరికి ఏసీ వెనక రెండు పిల్లలున్నాయి, ఇంకా ఈకలైనా రాలేదు. "తీసి పారేయనా అమ్మా?" అన్నాడు. వద్దని వెనక్కి పంపించాను. నెల రోజులు ఆ కంపు భరించి, అవి ఎగిరిపోయాకే కట్టించాను. కనుక జాలి గురించి నాకెవరూ పాఠం చెప్పక్కర్లేదు.

నిన్న ఆయన వల చూసి, "పాపం, వాటికి నిలువ నీడ లేకుండా చేశారు" అన్నారు.

"మీ కిటికీలకి వల లేదుగా బాబాయిగారూ" అన్నాను.

ఇవాళ మెట్ల మీద ఎదురుపడ్డా పలకరించలేదు.