పసికందు పరీక్షలకు తాళం వేయకండి

తెలుగు రాష్ట్రాల వైద్య, ఆరోగ్య శాఖ మంత్రులకు,

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైన వారంలోనూ బిడ్డలు పుట్టారు. బయట వైరస్, ఒళ్లో కళ్లు పచ్చబడుతున్న పసికందు. ఆసుపత్రికి వెళ్లాలా, వద్దా? ఈ నిర్ణయాన్ని పచ్చి బాలింతలకే వదిలేశారు. అది అన్యాయం.

పసికామెర్లు సాధారణంగా మూడో రోజు నుంచి అయిదో రోజు మధ్య ఎక్కువవుతాయి. చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. శ్రుతి మించితే మాత్రం మెదడు దెబ్బతింటుంది. ఎంత ముదిరాయో ఫోన్లో చూసి తేల్చలేరు. తొలి వారంలో తగ్గిన బరువు రెండు వారాలకల్లా తిరిగి రావాలి. తూచేవారే లేకపోతే, పాలు చాలడం లేదని తల్లికి తెలిసేదెలా?

టీకాల లెక్క ఇంకా బాధపెడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ అంచనా ప్రకారం డీపీటీ తొలి డోసు కూడా అందని పిల్లలు మన దేశంలో 2019లో సుమారు 14 లక్షలు. 2020లో 30 లక్షలు దాటారు. టీకాలు తప్పితే ఏమవుతుందో 2022 చివర్లో ముంబయిలో చూశాం: తట్టు విజృంభించి పిల్లల ప్రాణాలు తీసింది.

ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికెళ్లి చూడాలన్న నిబంధన ఇప్పటికే ఉంది. మళ్లీ మహమ్మారి వచ్చినా అది ఆగకూడదు. ఆమెకు మాస్కులు, కాటా, రాకపోకల ఖర్చు ముందే అందాలి. టీకాలను జ్వరాల ఓపీకి దూరంగా, బడిలోనో పంచాయతీ కార్యాలయంలోనో, వేళలు చెప్పి వేయించండి. ఈ మేరకు ఉత్తర్వు ఇప్పుడే రాసి ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ పంపండి.