పేరు ఒకటి – వ్యక్తులు ఇరువురు

హాజరు పట్టీ తెరచి "మస్తాన్ వలీ" అని మేము పిలిచినప్పుడు మా తరగతిలో మువ్వురు విద్యార్థులు ఒక్కసారిగా "హాజర్" అందురు. తక్కినవారు నవ్వుదురు, మేమును నవ్వుదుము. కసుమూరు దర్గా మీది భక్తి నిండిన ఈ నెల్లూరు సీమలో మస్తాన్ అను పేరు వినిపించని వీథి అరుదు. ముస్లిముల యిండ్లలో మస్తాన్ వలీ, మస్తాన్ బీ ఉన్నట్లే హిందువుల యిండ్లలో మస్తానయ్య, మస్తానమ్మ ఉన్నారు. పెంచలకోన స్వామి పేరు పెట్టుకొన్న పెంచలయ్యల సంఖ్యయు తక్కువ కాదు. ఒక పుణ్యస్థలము వేలమందికి ఒకే పేరు నిచ్చినది. ఇది మన సీమకు శోభయే గాని లోపము కాదు.

అయితే తరగతిలో నవ్వు పుట్టించిన ఈ నామసామ్యము, విద్యార్థి చదువు ముగించి వృత్తిలో అడుగిడిన పిదప నవ్వుగా మిగులుట లేదు. మా పూర్వ విద్యార్థిని యొకతె, తీరగ్రామము నుండి వచ్చిన బాలిక, ఇంటరు తరువాత నర్సింగు చదివి రిజిస్ట్రేషను పొందినది. దూరపు నగరములో నొక ఆసుపత్రికి దరఖాస్తు పెట్టుకొన్నది. అచ్చటి గుమాస్తా ఆమె పేరును మాత్రమే పట్టికలో వెదకి, అదే పేరు గల మరియొక స్త్రీ రిజిస్ట్రేషను గడువు తీరి యుండుట చూచి, "నీ లైసెన్సు చెల్లదు" అని త్రిప్పి పంపినాడు. ఆమె తన నంబరు చూపబోగా వినువారు లేకపోయిరి. రుజువు కొరకు ఆమె మా కళాశాలకు వచ్చినది. చెప్పుటకు సిగ్గుపడుచున్నాము: మా కార్యాలయమును మొదట అదే పేరు గల వేరొక విద్యార్థిని పుటనే తీసి చూపినది. సరియైన పుట దొరకి, సర్టిఫికేటు సిద్ధమగునప్పటికి ఆ ఉద్యోగము వేరొకరికి పోయినది. ఆమె తప్పు ఏమియు లేదు. ఇంటివారు ముద్దుగా పెట్టిన పేరు ఇంకొకరికి కూడ ఉండుటయే ఆమె చేసిన నేరము.

ఈ చిక్కు క్రొత్తది కాదు. పదమూడవ శతాబ్దమున మన నెల్లూరిలోనే, మనుమసిద్ధి కొలువున, ఇరువురు తిక్కనలు ఉండిరి. ఒకరు భారతములో పదునైదు పర్వములను తెనిగించిన కవి. మరియొకరు కాటమరాజుతో జరిగిన పోరులో కత్తి పట్టిన యోధుడు. ఇరువురును అన్నదమ్ముల బిడ్డలు. కాని లోకము వారిని కలిపివేయలేదు. కొమ్మన కుమారుడు కవి తిక్కన, సిద్ధన కుమారుడు ఖడ్గ తిక్కన అని తండ్రి పేరుతోను, వృత్తితోను గుర్తు పెట్టుకొన్నది. పేరు చాలనిచోట మరియొక గుర్తును జోడించవలెనను ఇంగితము మన పెద్దలకు ఉండినది.

అరబ్బీ పండితులు దీనిని ఒక శాస్త్రముగానే పెంచిరి. హదీసును ఎవరు ఎవరినుండి వినిరో తెలియుటకు ఉల్లేఖకుల జీవిత వివరములు వ్రాసి యుంచిరి. పుట్టిన యూరు, గురువులు, శిష్యులు, మరణించిన సంవత్సరము, మాట నమ్మదగినదా కాదా యను తీర్పు అందులో నుండును. నేటి భాషలో చెప్పవలెనన్న అవి వృత్తి చరిత్రలే. 1071లో మరణించిన ఖతీబ్ అల్ బగ్దాదీ, పేర్లు ఒకటియై వ్యక్తులు వేరైన వారిని గూర్చియే "అల్ ముత్తఫిఖ్ వల్ ముఫ్తరిఖ్" అను గ్రంథము రచించెను. ఇరువురిని ఒక్కరుగా కలుపుట, ఒక్కరిని ఇరువురుగా చీల్చుట అను రెండు భ్రమలను సరిదిద్దుటకు మరియొక గ్రంథమును వ్రాసెను. తొమ్మిది వందల ఏండ్లు దాటినను మన కార్యాలయములలో జరుగుచున్న పొరపాట్లు ఈ రెండే. మొదటి భ్రమ వలన ఒకరి మచ్చ మరియొకరికి అంటును. రెండవ భ్రమ వలన ఒకరి అనుభవము సగమై పోవును.

వృత్తి పట్టికలు ఏల పుట్టినవో గుర్తు చేసికొనుట మంచిది. 1858లో ఇంగ్లండులో చేసిన వైద్య చట్టము, అర్హత గల వైద్యుని అర్హత లేనివాని నుండి రోగి వేరుచేసి తెలిసికొనవలెనను ఉద్దేశముతో రిజిస్టరును ఏర్పరచినది. నెల్లూరు మద్రాసు రాజధానిలో నున్న కాలమున 1914లో మద్రాసు వైద్య రిజిస్ట్రేషను చట్టము వచ్చినది. ఫార్మసిస్టులకు 1948 చట్టము, న్యాయవాదులకు 1961 చట్టము పట్టికలను విధించినవి. 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టము 31వ సెక్షను, దేశమంతటి వైద్యుల పట్టికను ప్రజలు చూచుటకు వీలుగా ఉంచవలెనని చెప్పినది. దానికొరకు 2024 ఆగస్టులో జాతీయ వైద్య రిజిస్టరు పోర్టలు ప్రారంభమైనది. అంతకు మునుపే, 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రతి మందుచీటీ మీదను రిజిస్ట్రేషను నంబరు వేయవలెనన్నది. నియమము చేసినవారికి పేరు చాలదని తెలియును. పట్టికను చూచువారికే అది ఇంకను తెలియవలసి యున్నది.

ఈ విషయమున మన పిల్లలకు కష్టము రెండింతలు. మన సీమలో షేక్, సయ్యద్, పఠాన్ అనునవి ఇంటిపేరు స్థానమున ముందు నిలుచును. కంప్యూటరులో "షేక్" అని కొట్టినచో వేలాది పేర్లు వచ్చును. దానిని ఒకరు పూర్తిగా వ్రాయుదురు, ఒకరు "ఎస్.కె." అని కుదింతురు, ఇతర రాష్ట్రములవారు ఆ రెండక్షరములను వేర్వేరు ఇనీషియల్సు అనుకొందురు. మహమ్మద్ అను పేరు ఇంగ్లీషులో ఎన్ని విధములుగా వ్రాయబడునో లెక్కలేదు. పదవ తరగతి సర్టిఫికేటులో నొక విధము, డిగ్రీలో నొక విధము, పాస్‌పోర్టులో మరియొక విధము. ఆడపిల్లల విషయమున వివాహానంతరము తండ్రి పేరు పోయి భర్త పేరు వచ్చును. ఈ విధముగా మొదటి భ్రమకును రెండవ భ్రమకును మనమే ద్వారములు తెరచుచున్నాము.

"ఇంత చిక్కు ఉన్నప్పుడు ఈ పట్టికలను ప్రజలకు చూపకుండుటయే మేలు గదా" అని కొందరు మిత్రులు మాతో వాదించిరి. మేము ఒప్పుకొనము. పట్టికను మూసివేసినచో లాభపడునది దొంగ వైద్యుడు, నష్టపడునది పల్లెటూరి రోగి. "అట్లైన ఆధారు సంఖ్య, ఇంటి చిరునామా, ఫోను నంబరు అన్నియు ప్రకటించిన పొరపాటు జరుగదు" అని మరికొందరు అందురు. దీనికిని మేము ఒప్పుకొనము. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది. ఒంటరిగా పరాయి ఊరిలో పనిచేయు నర్సు ఇంటి చిరునామా లోకమునకు తెలియవలసిన పని లేదు. రిజిస్ట్రేషను నంబరు, అర్హత, చదివిన సంస్థ, సంవత్సరము, లైసెన్సు నేటి స్థితి, ఈ ఐదును చాలును. ఎవరిపైననైన చర్య తీసికొన్నచో అది నంబరుతో సహా ప్రకటింపబడవలెను. చర్య ముగిసిన నాడు ఆ ముగింపును అంతే స్పష్టముగా ప్రకటింపబడవలెను. తప్పు దొరలినదని ఫిర్యాదు చేసినవానికి గడువులోగా జవాబు రావలెను.

ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయును గాక. మా కళాశాల కమిటీ పెద్దలకు మూడు మనవులు. ఒకటి, ప్రవేశ సమయముననే ప్రతి విద్యార్థి పేరును పదవ తరగతి సర్టిఫికేటుతో అక్షరము అక్షరముగా పోల్చి చూచి, తేడా యున్న అప్పుడే సరిచేయించుటకు ఒక అధ్యాపకుని నియమింపుడు. రెండు, మన రికార్డులను పేరుతో గాక అడ్మిషను నంబరుతో వెదకు పద్ధతి పెట్టుడు. ప్రతి సర్టిఫికేటు మీదను తల్లి పేరును కూడ చేర్పుడు. మూడు, పూర్వ విద్యార్థుల రుజువు కొరకు వచ్చు విన్నపములకు వారము లోపల జవాబిచ్చు ఏర్పాటు చేయుడు. వీటికి అగు వ్యయము స్వల్పము. ఆ బాలికకు పోయిన ఉద్యోగము స్వల్పము కాదు.

విద్యార్థులారా! మీ పేరును మార్చుకొనుమని మేము చెప్పము. అది మీ తల్లిదండ్రుల కానుక. కాని దానిని ఒకే విధముగా వ్రాయుడు. నంబరును దానికి తోడుగా ఉంచుడు. రేపు మీరే ఆసుపత్రిలోనో, కచేరీలోనో, పాఠశాలలోనో ఒకరి దరఖాస్తును చేత పట్టి కూర్చుందురు. అప్పుడు పేరు చూచి తీర్పు చెప్పవద్దు. నంబరు అడుగుడు, ఎదుట నిలిచినవారి మాట వినుడు. హాజరు వేయునప్పుడు ముగ్గురు మస్తాన్ వలీలలో ఎవరు వచ్చిరో తలయెత్తి ముఖము చూచిన తరువాతనే మేము గుర్తు పెట్టుచున్నాము. మీరును అట్లే చేయుడు.