మూసీ ఒడ్డు పిల్లలకూ కావాలి

మూసీ నదీతీర అభివృద్ధి సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

మా గౌలిపుర పిల్లలకు మూసీ అంటే నయాపూల్ దాటేటప్పుడు ముక్కు మూసుకునే చోటు. మీరు ఒడ్డున వేసే నడకదారి కంటే ముందు నాలాల మురుగు నదిలో కలవకుండా చూడండి. కంపులో ఏ పిల్లా నడవదు.

1908 సెప్టెంబరు వరదలో సుమారు 150 మంది ఎక్కి బతికిన చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. దారిని అక్కడిదాకా తీసుకెళ్లండి. ఆ వరద తర్వాతే, ఇంజినీరు విశ్వేశ్వరయ్య సలహాతో, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారని తెలుగులోనూ ఉర్దూలోనూ పిల్లలకు అందే ఎత్తులో రాయించండి. నీడ, తాగునీరు, మరుగుదొడ్లు, పసివాళ్లు దూరలేని కటకటాలు తప్పనిసరి. టికెట్ మాత్రం పెట్టకండి. ఒడ్డున ఇల్లు పోయే కుటుంబాలకు పిల్లల బడి దగ్గర్లోనే ఇళ్లివ్వండి; ఈ నది ముందు వాళ్లది.

ఇట్లు,
గౌలిపుర నుంచి ఒక తల్లి