గడ్డం గీసుకోవడమూ నేర్పాల్సిన చదువే

హాస్టల్లో మనకు చాలా నేర్పుతారు. పొద్దున్నే లేవడం, ప్లేటు కడుక్కోవడం, స్టడీ అవర్లో కదలకుండా కూర్చోవడం. కానీ పదో తరగతికి వచ్చేసరికి మూతి మీద నూనూగు మీసం మొలిస్తే ఏం చేయాలో ఎవరూ చెప్పరు. మన నాయనలు కొందరు హైదరాబాదు, బొంబాయి, పూనాలలో కట్టడం పనుల మీద ఉంటారు. కొందరు గద్వాల వైపు సీడుపత్తి చేలల్లో ఉంటారు. పండక్కి కలిసినా మార్కుల గురించి అడుగుతారు గాని రేజరు ఎట్లా పట్టాలో చెప్పరు. అందుకే ఒకడి రేజరు నలుగురు తీసుకుని, నాలుగు చన్నీళ్ళు చల్లుకుని, అద్దం ముక్కలో చూస్తూ గీకేస్తారు. సాయంత్రానికి మెడంతా మంట, ఎర్రటి పొక్కులు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ఏ హాస్టల్ మిత్రులను కలిసినా ఇదే ముచ్చట. నేర్పేవాళ్ళు లేకపోవడమే దీనికి కారణమని మా అభిప్రాయం.

ఇది చిన్న విషయమని కొందరు నవ్వవచ్చు. మన తాతల కాలంలో ఎన్నో ఊళ్ళలో మనవాళ్ళకు క్షవరం చేయనిచ్చేవారు కాదు. చేసేవాళ్ళూ పేదలే, ఊరి పెద్దల కట్టుబాటుకు భయపడేవాళ్ళు. అంటరానితనం పేరుతో సేవ నిరాకరించడం 1955 చట్టం ప్రకారం నేరమైంది. అయినా ఆ అవమానం వెంటనే పోలేదు. అమెరికాలో జిల్లెట్ అనే ఆయన రెండంచుల పల్చటి బ్లేడుతో రేజరు తయారుచేసి 1903లో అమ్మకానికి పెడితే ఆ ఏడాది అమ్ముడుపోయినవి 51 మాత్రమే. తర్వాత అది ప్రపంచమంతా పాకింది. మన మొహం మన చేతిలోకి వచ్చింది. అందుకే మేము దీన్ని ఆత్మగౌరవం లెక్కలోనే చూస్తాం.

ఈ రేజరు ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి వస్తుంది. బ్లేడు కొద్ది రూపాయలే. కాకపోతే దాన్ని పట్టే పద్ధతి వేరు. స్నానం అయ్యాక గీసుకోవాలి, అప్పటికి వెంట్రుక నాని మెత్తబడుతుంది. మన బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ రాదు. నల్లా నీళ్ళు దొరికితే అవే పట్టుకోవాలి. నురగ బాగా పట్టించి రెండు నిమిషాలు ఆగాలి. తర్వాత వేళ్ళతో తడిమి వెంట్రుక ఏ దిక్కుకు పెరుగుతుందో చూసుకోవాలి. చెంప మీద ఒక దిక్కు, మెడ మీద ఇంకో దిక్కు ఉంటుంది. ఆ దిక్కుకే గీయాలి. నున్నగా రావాలని ఎదురు గీస్తే వెంట్రుక చర్మం లోపలికి మళ్ళి పొక్కు లేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, అదమకూడదు. రేజరు బరువే చాలు. పిడిని కొంచెం వాల్చి పట్టి, చర్మాన్ని రెండో చేత్తో సాగదీసి, అంగుళం అంగుళం గీయాలి. ప్రతి నాలుగు గీతలకు బ్లేడు కడగాలి. నురగ లేనిచోట మళ్ళీ గీయకూడదు. అయ్యాక చన్నీళ్ళతో కడిగి గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. గాటు పడితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా పట్టుకుంటే రక్తం ఆగుతుంది. మంటగా ఉంటే రెండు మూడు రోజులు రేజరు ముట్టకూడదు. పొక్కుల్లో చీము పడితే డాక్టరుకు చూపించాలి. అయిదు నుంచి ఏడుసార్లు వాడాక బ్లేడు మార్చాలి. పాత బ్లేడ్లను బాత్రూంలో పారేయొద్దు, చెప్పులు లేకుండా తిరిగే చిన్న తమ్ముళ్ళు ఉంటారు. ఒక ఖాళీ డబ్బాలో వేయండి. ఇంకో మాట, గీస్తే మీసం దట్టంగా వస్తుందన్నది వట్టి మాట. రాని మీసం కోసం చర్మం పాడుచేసుకోవద్దు.

ఒక రూముకు ఒక రేజరు అనే అలవాటును మాత్రం మేము గట్టిగా వ్యతిరేకిస్తున్నాం. స్నేహితులం, అన్నం పంచుకున్నట్టే ఇదీ పంచుకుంటాం అంటారు. కంటికి కనిపించని రక్తపు చుక్కతో కూడా హెపటైటిస్ బి అంటుకుంటుంది. ఆ వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతుకుతుంది. కడిగినంత మాత్రాన పోదు. కటింగ్ షాపులో కూడా కొత్త బ్లేడు విరిచి వేయమని అడగండి. అడగడం మన హక్కు.

హాస్టల్ అబ్బాయిలకు సబ్బు, నూనె, కటింగ్ కోసం నెలకు 62 రూపాయలిచ్చే రోజులు చాలాకాలం నడిచాయి. 2024లో తెలంగాణ ప్రభుత్వం 8 నుంచి 10 తరగతుల అబ్బాయిలకు దాన్ని 200 రూపాయలు చేసింది. సంతోషం. ఆ డబ్బులో ప్రతి పెద్ద విద్యార్థికీ సొంత రేజరు, బ్లేడ్ల పొట్లం ఉండేట్టు చూడాలని వార్డెన్ సార్లను కోరుతున్నాం. ఏడాదికి ఒక ఆదివారం ఎవరైనా సీనియర్ వచ్చి పదో తరగతి తమ్ముళ్ళకు ఇది చూపిస్తే చాలు, గంట పని. లెక్కలు, ఇంగ్లీషు చెప్పడానికి వచ్చే పూర్వ విద్యార్థులారా, ఈసారి వచ్చేటప్పుడు ఒక రేజరు కూడా వెంట తెచ్చుకోండి. నాయన దగ్గర లేని తమ్ముడికి అన్న చెప్పకపోతే ఎవరు చెబుతారు?