డోలీయే గతియా?

అల్లూరి సీతారామరాజు పేరు పెట్టుకొనిన జిల్లాలో దారిలేని కొండపల్లెల రోగులను బంధువులు నేటికిని డోలీలపై మోసికొని వచ్చుచున్నారు. గర్భిణి డోలీలో వచ్చిననాడు పత్రికలు వ్రాయును, అధికారులు కదలుదురు. వృద్ధుడు రాలేక ఇంటనే కన్నుమూసిననాడు మాత్రము కాలము తీరినదని లోకము సరిపెట్టుకొనును. ఇట్లు సరిపెట్టుకొనుటను మేము ఆక్షేపించుచున్నాము.

రక్తపుపోటును అణచు మాత్రలు చౌకవి. అవి మానిన పక్షవాతము, గుండెజబ్బు పొంచియుండును. కాని నెలనెల మాత్రలకై కొండ దిగి ఎక్కుటకు డెబ్బదియేండ్ల మోకాళ్లు ఓర్వవు; కూలి మానుకొని వెంట వచ్చుటకు కొడుకునకు వీలుపడదు. 104 వాహనము రోడ్డున్నంతవరకే పోగలదు.

2024 అక్టోబరులో కేంద్రప్రభుత్వము డెబ్బదియేండ్లు నిండినవారికెల్ల, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఆయుష్మాన్ భారత్ పథకమున కుటుంబమునకు ఏటికి 5 లక్షల రూపాయలవరకు ఉచితచికిత్స కల్పించినది. హర్షింపదగినదే. అయినను ఆ కార్డు ఆసుపత్రిలో చేరినవారికి అక్కరకు వచ్చును. చేరలేనివారిని కొండ దింపజాలదు. కొండప్రాంతములలో 3,000 మందికొక ఉపకేంద్రము, 20,000 మందికొక ప్రాథమిక ఆరోగ్యకేంద్రము ఉండవలెనని ప్రమాణము. తలల లెక్క సరిపోయినంతమాత్రమున నడక తగ్గునా? వైద్యసేవ ప్రజలకు వీలైనంత చేరువగా నుండవలెనని భోర్ సంఘము 1946లోనే చెప్పినది.

ఘాటురోడ్ల పనులలో కొండవారిచే చాలీచాలని కూలికి చాకిరి చేయించుట 1922 నాటి మన్యపు తిరుగుబాటునకు ఒక కారణము. పరాయిదొరతనము తన అవసరమునకై అట్లు రోడ్లు వేయించుకొనినది. ఆ శ్రమజీవుల మనుమలు నేడు ముసలివారైరి. వారి ముంగిటికి త్రోవ వేయుట స్వరాజ్యమునకు భారమైనదా?

రోడ్లు పూర్తియగుటకు కాలము పట్టును. అందాక మందే కొండ యెక్కవలయును. పల్లెలోని ఆశా కార్యకర్తకు రక్తపుపోటు కొలుచు యంత్రమును, వైద్యుడు వ్రాసిన మూడునెలల మాత్రలను అందింపవలయును. కొండవారు దిగివచ్చు వారపుసంతలో వైద్యుడు కూర్చుండవలయును. ప్రసూతిమరణములను విచారించునట్లే, వైద్యమందక మరణించిన వృద్ధుల విషయమునను కారణము విచారించి నమోదు చేయవలయును. లెక్కకెక్కని చావునకు జవాబు చెప్పువారుండరు.

జిల్లాకు మన్యవీరుని పేరు పెట్టుట సులభము. ఆ పేరునకు తగిన పాలన నడపుట కష్టము. ప్రభుత్వమువారు ఆ కష్టమునకు పూనుకొందురు గాక!