కారణం రాయని బోర్డు

షుగరుకూ బీపీకీ పింఛనేమిటి, అవి ఊళ్లో ఉన్నవాళ్లకూ వస్తున్నాయి కదా, ట్రిబ్యునళ్లు జాలిపడి ఖజానా పంచిపెడుతున్నాయి. సైనికుల వైకల్య పింఛను గురించి ఈ మాట ఇప్పుడు బాగా చెలామణీలో ఉంది. పదవీ విరమణ చేస్తున్న అధికారుల్లో దాదాపు 40 శాతం మంది, ఇతర ర్యాంకుల్లో దాదాపు 18 శాతం మంది ఈ పింఛను పొందుతున్నారని కాగ్ లెక్క తేల్చాక ఆ మాటకు బలం వచ్చింది. 2023 సెప్టెంబరు 21 నుంచి రక్షణ శాఖ కొత్త అర్హత నిబంధనలు తెచ్చినప్పుడు, మంచి పని జరిగిందని అనుకున్నవాళ్లే ఎక్కువ.

నేను అలా అనుకోవడం లేదు. సాయుధ బలగాల ట్రిబ్యునల్ చెన్నై ధర్మాసనం ముందుకు వచ్చే ఈ తరహా కేసుల్లో జాలికి చోటే లేదు. అక్కడ తేలేది ఒకే సంగతి. జవానును ఇంటికి పంపేటప్పుడు మిలిటరీ ఆస్పత్రి డాక్టర్లు ఒక కాగితం మీద ఏం రాశారు, ఏం రాయలేదు?

ఆ కాగితం రిలీజ్ మెడికల్ బోర్డుది. జబ్బు పేరు, వైకల్యం ఎంత శాతం, ఎంతకాలం ఉంటుంది అన్నవి అందులో ఉంటాయి. వాటి పక్కనే అసలు గడి ఉంటుంది: ఈ జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసు వల్ల ముదిరిందా? 30 శాతం వైకల్యం, జీవితాంతం ఉంటుందని రాసిన చెయ్యే ఆ గడిలో రెండూ కాదని రాస్తుంది. ఎందుకు కాదో చాలాసార్లు రాయదు. రాసినా, జబ్బు బయటపడింది శాంతి ప్రాంతంలో ఉన్నప్పుడు అని ఒక్క ముక్క. ఎత్తయిన సరిహద్దు కొండల్లో రెండేళ్లు కాపలా కాసి సికింద్రాబాదుకో పల్లావరానికో బదిలీ అయ్యాక పరీక్షలో బీపీ బయటపడితే, అది ఆ ఊళ్లోనే పుట్టినట్టా? ఏ వైద్యశాస్త్రం ఒప్పుకుంటుంది? షుగరు కేసు ఒకదానిలో ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 27న ఇదే తప్పుపట్టింది. శాంతి ప్రాంతం అన్న మాట కారణం కాజాలదనీ, ఈ పింఛను ప్రభుత్వం చేసే దానం కాదనీ చెప్పింది.

చట్టం కొత్తదేమీ కాదు. ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013 జులైలోనే దారి వేసింది. 1985లో చేరిన సిపాయిని మూర్ఛ జబ్బు ఉందని, 20 శాతం వైకల్యమని 1994లో పంపేశారు, పింఛను లేదన్నారు. చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు రికార్డులో లేకపోతే ఆరోగ్యంగానే చేరాడని భావించాలనీ, సర్వీసుకు సంబంధం లేదని నిరూపించాల్సింది ప్రభుత్వమేననీ, అనుమానం ఉంటే ఆ లాభం జవానుకే దక్కాలనీ కోర్టు తేల్చింది. ఆ మాట వినడానికి అతనికి పందొమ్మిదేళ్లు పట్టింది.

నిరూపించే భారం ప్రభుత్వం మీద పెట్టడంలో అన్యాయమేముంది? భర్తీ మైదానంలో మోకాళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయని, పాదం చదునుగా ఉందని, చెవి సరిగా వినపడటం లేదని కుర్రాళ్లను వెనక్కి పంపేది సైన్యం డాక్టర్లే. ఇరవై ఏళ్లు కూడా నిండని వాణ్ణి అంత జల్లెడపట్టి తీసుకుని, ఎప్పుడు లేవాలో, ఏం తినాలో, ఎక్కడ పడుకోవాలో, పెళ్లాంబిడ్డల్ని ఏడాదికి ఎన్నాళ్లు చూడాలో అన్నీ తామే నిర్ణయించి, నలభై రాకముందే రోగిగా అప్పగిస్తూ, నీ అలవాట్ల వల్లే వచ్చిందనడం నాకు మింగుడుపడదు.

దుర్వినియోగం లేదా? ఉంది. పెద్ద హోదాలో ఉండి ఆఖరి ఏడాది జబ్బు చూపించుకునేవాళ్లు ఉన్నారన్న ఆరోపణను నేను కొట్టిపారేయను. అయితే కాగ్ అంకెలే మళ్లీ చూడండి. అధికారులకు ఇతర ర్యాంకుల కంటే రెట్టింపు శాతం దక్కుతోంది. చెన్నై ధర్మాసనం మెట్లెక్కే మాజీ నాయక్‌లు, మాజీ హవల్దార్లు, మాజీ సుబేదార్లు ఆ 40 శాతంలోని వాళ్లు కారు. పైవాళ్ల లెక్క చూపించి కిందివాళ్ల దరఖాస్తు కొట్టేయడం ఏ న్యాయం? అసలైన మందు బోర్డు దగ్గరే ఉంది. సంబంధం లేకపోతే ఎందుకు లేదో నాలుగు వాక్యాల్లో రాయండి. పోస్టింగుల చరిత్ర చూపండి, వైద్య కారణం చూపండి. అలా రాస్తే నిజమైన తిరస్కారం నిలబడుతుంది, దొంగ దావా పడిపోతుంది.

రాయరు. దాని భారమంతా జవాను మోయాలి. మొదటి అప్పీలు, రెండో అప్పీలు, ఆ తర్వాత ట్రిబ్యునల్. తమిళనాడు, పుదుచ్చేరిలతో పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకూ చెన్నైయే దిక్కు. హైదరాబాదులో సర్క్యూట్ సిట్టింగులు జరిగినా కేసు నంబరు చెన్నైదే. శ్రీకాకుళం జవానుకు అది ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. తరతరాలుగా ఇంటికొక సిపాయిని పంపిన మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ల మనుషులు ఈ కాగితాల కోసం వకీళ్ల చుట్టూ తిరగాలా?

గెలిచాక కూడా ప్రభుత్వం ఊరుకోదు. 2015లో రక్షణ మంత్రి మనోహర్ పారికర్ వేసిన నిపుణుల కమిటీయే వైకల్య పింఛను అప్పీళ్లు ఉపసంహరించుకోమంది. 2023 మార్చిలో సుప్రీంకోర్టు ట్రిబ్యునల్ తీర్పుల మీద హైకోర్టుకు వెళ్లే దారి తిరిగి తెరిస్తే, ఆ దారిన గుంపులుగా పిటిషన్లు వేసింది కేంద్రమే. 2024 డిసెంబరులో, నియంత్రణ రేఖ దగ్గర గస్తీలో చనిపోయిన సైనికుడి భార్యను పింఛను కేసులో అనవసరంగా సుప్రీంకోర్టు దాకా లాగినందుకు కేంద్రానికి 50,000 రూపాయల ఖర్చులు పడ్డాయి.

ఖజానా మాట ఎత్తేవాళ్లు ఈ లెక్క కూడా వేయాలి. ఆఖరి మూలవేతనం 40,000 అనుకుందాం. 30 శాతం వైకల్యాన్ని పాత నిబంధనల ప్రకారం 50కి సవరిస్తే, వైకల్య భాగం ఆ వేతనంలో 15 శాతం, అంటే నెలకు 6,000. పదేళ్ల తర్వాత కేసు వేసి గెలిచినవాడికి చాలాసార్లు మొత్తం బకాయి రాదు. 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పును అనుసరించి, కేసు వేయడానికి ముందు మూడేళ్లకే పరిమితం చేస్తుంటారు. అలాంటప్పుడు కరువు భత్యం కలపకుండానే ఏడేళ్ల 5,04,000 రూపాయలు ప్రభుత్వం దగ్గరే మిగిలిపోతాయి. తప్పుడు తిరస్కారం వల్ల లాభపడేది దాన్ని రాసిన పక్షమే. కారణం రాయకుండా తిరస్కరించిన ప్రతి కేసులోనూ బకాయి డిశ్చార్జి రోజు నుంచే చెల్లించాలని రక్షణ శాఖ ఒక ఉత్తర్వు ఇవ్వాలి. ఏ కోర్టూ దాన్ని అడ్డుకోదు.